ఆ ఉత్తరం ఆడమ్స్‌కి చేరలేదు

నమస్కారమండీ. ఇవాళ ఒక ఉత్తరంతో మొదలుపెడదాం.

1796 డిసెంబర్ 28. అమెరికాలో వర్జీనియా రాష్ట్రం, మోంటిసెల్లో అనే కొండ మీద ఇల్లు. ఆ ఇంట్లో కూర్చుని థామస్ జెఫర్సన్ ఒక ఉత్తరం రాశాడు, జాన్ ఆడమ్స్‌కి. అప్పుడే అధ్యక్ష ఎన్నిక అయింది. ఆడమ్స్‌కి 71 ఓట్లు, జెఫర్సన్‌కి 68. అప్పటి రూలు ప్రకారం రెండో స్థానంలో వచ్చినవాడు ఉపాధ్యక్షుడవుతాడు. అంటే ఎవరి చేతిలో ఓడిపోయాడో, నాలుగేళ్లు వాళ్ల పక్కనే కూర్చోవాలి.

ఉత్తరం మంచి మనసుతోనే రాశాడు. నువ్వే గెలుస్తావని నాకు ముందునుంచీ తెలుసు, నాకేం బాధ లేదు అన్నాడు. అక్కడితో ఆపితే బాగుండేది. న్యూయార్క్‌లో ఉన్న నీ ‘ఆప్తమిత్రుడు’ ఏదో ఎత్తు వేసి ఆ పదవి నీకు దక్కకుండా చేయగలడు సుమా అని ఒక చురక కూడా పెట్టాడు. ఆ మిత్రుడు అలెగ్జాండర్ హామిల్టన్. ఆడమ్స్ సొంత పార్టీ మనిషే.

అయితే ఉత్తరాన్ని నేరుగా ఆడమ్స్‌కి పంపలేదు. ఫిలడెల్ఫియాలో ఉన్న తన స్నేహితుడు జేమ్స్ మాడిసన్‌కి పంపాడు, అంటించకుండా. చదువు, ఇవ్వడం మంచిది కాదనిపిస్తే ఇవ్వకు అని.

మాడిసన్ చదివాడు. ఇవ్వలేదు. ఎందుకివ్వలేదో జనవరి 15న జవాబు రాశాడు, ఒకటీ రెండూ కాదు, ఆరు కారణాలు. నీకు ఆడమ్స్ మీద గౌరవం ఉందని ఆయనకి ఎలాగూ తెలుసు. ఉత్తరం కాస్త అవస్థపడి రాసినట్టుంది. హామిల్టన్ మీద మాట ఎలా తీసుకుంటాడో చెప్పలేం, ఆడమ్స్ ముక్కుమీద కోపం నీకు తెలియనిది కాదు. నీకోసం ఊరూరా తిరిగి పనిచేసినవాళ్లు ఇది చూస్తే ఏమనుకుంటారు? రేపు ఆయన విధానాలతో మనం పోరాడాల్సి వస్తే, నీ చేతి రాతతో ఈ పొగడ్త ఆయన దగ్గర ఉండటం మంచిదా? ఇలా సాగుతుంది.

జెఫర్సన్‌కి అప్పుడు 53 ఏళ్లు. స్వాతంత్ర్య ప్రకటన రాసిన చెయ్యి అది. తనకంటే ఎనిమిదేళ్లు చిన్నవాడు, నీ ఉత్తరం బాగాలేదు, నా దగ్గరే ఆపేశాను అంటే మామూలుగా ఏం చేస్తారండీ? మొహం మాడ్చుకుంటారు. ఈయన థ్యాంక్స్ చెప్పాడు. నా మనసులో మాట నిజమే, కానీ ఈ మారుమూల కూర్చున్న నాకు అక్కడి పరిస్థితి కనపడదు, నువ్వు ఆపడం మేలైంది అని.

జెఫర్సన్, ఆడమ్స్ స్నేహం కథ మీలో చాలామంది వినే ఉంటారు. గొడవపడ్డారు, ముసలితనంలో కలిశారు, ఇద్దరూ ఒకే రోజు, 1826 జులై 4న పోయారు. కథకి కావలసిన మసాలా అంతా ఉంది. అందుకే అందరూ అదే చెప్తారు. నాకు మాత్రం ఈ రెండో స్నేహమే, జెఫర్సన్, మాడిసన్‌లదే ఇష్టం. ఇందులో పెద్ద గొడవ లేదు, విడిపోవడం లేదు, కలవడం లేదు. యాభై ఏళ్లు, దాదాపు 1250 ఉత్తరాలు. ఇన్నాళ్లు ఎలా నిలబడిందో ఆ ఆగిపోయిన ఉత్తరంలోనే ఉందని నా అనుమానం.

మన దగ్గర స్నేహం అంటే ఏమంటాం? ‘వాడు అడిగితే కాదనలేనండీ’ అంటాం. అది గొప్పగా చెప్పుకుంటాం కూడా. వీళ్లది కాదనగలిగిన స్నేహం.

ఇద్దరూ మొదట కలిసింది 1776లో, విలియమ్స్‌బర్గ్‌లో, వర్జీనియా శాసనసభలో. జెఫర్సన్‌కి 33, మాడిసన్‌కి 25. ఒకరు ఆరడుగుల రెండంగుళాల మనిషి, ఇంకొకరు ఐదడుగుల నాలుగంగుళాలు, బక్కపలచగా, మాట్లాడితే వెనక బెంచీకి వినపడని గొంతు. అప్పుడు ముఖపరిచయమే. అసలు దగ్గరైంది 1779లో. జెఫర్సన్ వర్జీనియా గవర్నరయ్యాడు, మాడిసన్ ఆయన సలహా మండలిలో ఉన్నాడు. యుద్ధం రోజులు, డబ్బుల్లేవు, తుపాకుల్లేవు, రోజూ పొద్దున్నే ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి. అలాంటప్పుడు మనిషి లోపలిదాకా కనిపిస్తాడు.

1782 సెప్టెంబర్‌లో జెఫర్సన్ భార్య మార్తా చనిపోయింది. మనిషి కుప్పకూలిపోయాడు. మళ్లీ బయటి ప్రపంచంలోకి వచ్చి, ఫిలడెల్ఫియాలో మాడిసన్ ఉండే బోర్డింగ్ హౌస్‌లోనే దిగాడు. అక్కడ న్యూయార్క్ ప్రతినిధి విలియం ఫ్లాయిడ్ కూతురు కిట్టీ మీద మాడిసన్ మనసుపడ్డాడు. అతనికి 32, ఆ అమ్మాయికి పదహారు కూడా నిండలేదు. ఇవాళ్టి కళ్లతో చూస్తే ఇబ్బందిగానే ఉంటుంది. ఆ కాలంలో పెద్దలే పూనుకున్నారు. జెఫర్సన్ కూడా మధ్యలో దూరి పెళ్లిపెద్దలా ప్రోత్సహించాడు. చివరికి ఆ అమ్మాయి కాదంది. 1783 ఆగస్టులో మాడిసన్ ఆ సంగతి జెఫర్సన్‌కి రాశాడు. ఈ ఉత్తరాన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరకి వస్తాం.

1784లో జెఫర్సన్ పారిస్ వెళ్లాడు, తర్వాత అమెరికా రాయబారి అయ్యాడు. ఐదేళ్లు అక్కడే. ఓడలో ఉత్తరం చేరడానికి వారాలు, ఒక్కోసారి నెలలు. దారిలో ఎవరైనా విప్పి చదువుతారని ముఖ్యమైన చోట్ల మాటలకి బదులు అంకెలు రాసుకునేవాళ్లు. ఇద్దరి దగ్గరా ఒకే కోడ్ కాగితం ఉండేది.

ఇక్కడ కాసేపు ఆగుదాం, ఎందుకంటే నాకు బాగా నచ్చే భాగం ఇదే. మాడిసన్ పుస్తకాలు అడిగాడు. పాతకాలంలో చిన్న చిన్న రాజ్యాలు కలిసి సమాఖ్యలు పెట్టుకున్నాయి కదా, గ్రీసులో, స్విట్జర్లాండ్‌లో, హాలండ్‌లో, వాటి మీద ఏం దొరికితే అది పంపు అన్నాడు. జెఫర్సన్ పారిస్ పుస్తకాల షాపుల చుట్టూ తిరిగి రెండు పెట్టెలు నింపి పంపాడు. మాడిసన్ దానికి పెట్టుకున్న పేరు ‘సాహిత్య సరుకు’. 1786లో మాంట్‌పీలియర్‌లోని తన ఇంట్లో ఆ పుస్తకాలు ముందేసుకుని, ఒక్కో సమాఖ్య ఎందుకు కూలిపోయిందో నోట్సు రాసుకున్నాడు. మరుసటి ఏడాది ఫిలడెల్ఫియాలో రాజ్యాంగం రాయడానికి కూర్చున్నప్పుడు అందరికంటే ఎక్కువ తయారై వచ్చింది ఈ బక్క మనిషే.

మరి మాడిసన్ తిరిగి ఏం పంపాడు? ఒక ముంగిసలాంటి జంతువు కొలతలు పంపాడు. నవ్వకండి, నిజం. ఫ్రాన్స్‌లో బ్యుఫాన్ అనే పెద్ద ప్రకృతి శాస్త్రవేత్త, అమెరికా వాతావరణం మంచిది కాదు, అక్కడి జంతువులు ఐరోపా జంతువుల కంటే చిన్నగా, నీరసంగా ఉంటాయి అని రాసేశాడు. జెఫర్సన్‌కి అది పరువు సమస్య అయింది. మనుషులు పెట్టి న్యూ హాంప్‌షైర్ నుంచి పెద్ద మూస్ దుప్పి అస్థిపంజరం, చర్మం తెప్పించి మరీ బ్యుఫాన్‌కి పంపాడు. స్నేహితుడి పంతం తన పంతమే కాబట్టి 1786 జూన్‌లో మాడిసన్ వర్జీనియాలో దొరికిన ఒక ఆడ వీజిల్‌ని బల్ల మీద పెట్టుకుని కొలిచాడు. ముక్కు నుంచి తోక దాకా, చెవులు, కాళ్లు, గోళ్లు, చెప్పుకోలేని చోట్లతో సహా. బ్యుఫాన్ పుస్తకంలోని కొలతలతో పోల్చి పట్టికలా రాసి పారిస్‌కి పంపాడు. రాజ్యాంగ పిత అని మనం చదువుకునే మనిషి, ఆ రాజ్యాంగానికి ఏడాది ముందు చేస్తున్న పని ఇది!

ఈ ఐదేళ్లలోనే ఇద్దరి మధ్య అసలైన అభిప్రాయభేదాలు కూడా వచ్చాయి. మసాచుసెట్స్‌లో అప్పులపాలైన రైతులు డేనియల్ షేస్ వెనక తిరగబడ్డారు. మాడిసన్‌కి టెన్షన్, ఈ దేశం నిలబడుతుందా అని. పారిస్ నుంచి జెఫర్సన్ తాపీగా రాశాడు, అప్పుడప్పుడూ చిన్న తిరుగుబాటు మంచిదే, ఆకాశానికి తుఫాను ఎలాగో రాజకీయానికి ఇదీ అలాగే అని. దూరంగా ఉన్నవాడికి తుఫాను అందంగానే ఉంటుంది మరి.

1787లో రాజ్యాంగం తయారయ్యాక మాడిసన్ అక్టోబర్ 24న పెద్ద ఉత్తరం రాశాడు, పదిహేడు పేజీలు. జెఫర్సన్ డిసెంబర్‌లో జవాబిచ్చాడు. బాగుంది, కానీ ప్రజల హక్కుల పట్టిక ఏదీ? ఏ ప్రభుత్వం నుంచైనా సరే ప్రజలకి ఆ రక్షణ కావాలి, అది వాళ్ల హక్కు అన్నాడు. మాడిసన్‌కి మొదట నమ్మకం లేదు. కాగితం మీద గోడ కడితే ఆగుతారా, మెజారిటీ తలుచుకుంటే దాటేస్తుంది అన్నాడు. జెఫర్సన్ వదల్లేదు. ఆ పట్టిక చేతిలో ఉంటే జడ్జీలకి ఒక ఆయుధం దొరుకుతుంది కదా అని 1789 మార్చిలో రాశాడు. జూన్ 8న మాడిసన్ లేచి కాంగ్రెస్‌లో హక్కుల సవరణలు ప్రవేశపెట్టాడు. జెఫర్సన్ చెప్పాడని మాత్రమే కాదు, సొంత ఓటర్లకి మాటిచ్చాడు కూడా. అయినా ఆ వాదన చేసింది మాత్రం అట్లాంటిక్ అవతలి స్నేహితుడి మాటలతో. వాటిలో పది 1791 డిసెంబర్ 15న అమల్లోకి వచ్చాయి. మన రాజ్యాంగం మూడో భాగంలో ప్రాథమిక హక్కులున్నాయి కదా, వాటిని రాసినవాళ్లు ముందేసుకుని చూసిన వాటిలో ఇదొకటి.

ఇక్కడ జెఫర్సన్ గెలిచాడు. తర్వాతి రౌండు మాడిసన్‌ది.

1789 జులైలో బాస్టీల్ కూలింది. పారిస్ వీధుల్లో జనం, గాలిలో విప్లవం. ఆ ఊపులో సెప్టెంబర్ 6న జెఫర్సన్ మాడిసన్‌కి ఒక ఉత్తరం రాశాడు. భూమి బతికున్నవాళ్లది, చచ్చిపోయినవాళ్లకి దాని మీద అధికారం లేదు అన్నాడు. అక్కడితో ఆగక, మరణాల లెక్కలు తీసి, ఒక తరం అంటే 19 ఏళ్లు, కాబట్టి ప్రతి 19 ఏళ్లకీ చట్టాలు, రాజ్యాంగం, అప్పులు అన్నీ గడువు తీరిపోవాలి అని తేల్చాడు. చదువుతుంటే రోమాలు నిక్కబొడుచుకుంటాయండీ, అంత బాగా రాశాడు.

మాడిసన్ 1790 ఫిబ్రవరి 4న జవాబిచ్చాడు. ముందు పొగిడాడు, చాలా గొప్ప ఆలోచన అని. ఆ తర్వాత ఒక్కో ఇటుకా తీశాడు. చనిపోయినవాళ్లు అప్పులొక్కటే కాదు కదా వదిలిపెట్టింది, వాళ్లు బాగుచేసిన పొలాలు, కట్టినవి కూడా మనం వాడుకుంటున్నాం, దానికి మనం బాకీ కాదా? స్వాతంత్ర్య యుద్ధం కోసం చేసిన అప్పు ఎవరికోసం చేసింది, రాబోయేవాళ్ల కోసమేగా? ప్రతి 19 ఏళ్లకీ అన్ని చట్టాలూ చచ్చిపోతాయంటే పద్దెనిమిదో ఏట ఎవడు ఎవడికి అప్పిస్తాడు, ఆస్తికి విలువెక్కడిది? చివర్లో మళ్లీ మర్యాదగా, ఇది నీ సిద్ధాంతాన్ని కొట్టేయడం కాదు, అమలులో వచ్చే చిక్కులు చెప్పడం అన్నాడు. ఇలా కాదనడం ఒక కళ. నాకైతే రాదు.

తర్వాతి ఏళ్లు త్వరగా చెప్పేస్తాను. 1790 జూన్‌లో న్యూయార్క్‌లో జెఫర్సన్ ఇంట్లో భోజనాల దగ్గర హామిల్టన్, మాడిసన్ కూర్చున్నారు. రాష్ట్రాల అప్పులు కేంద్రం నెత్తినేసుకోవడానికి మాడిసన్ వైపు నుంచి అడ్డు తగ్గించారు, బదులుగా రాజధాని పొటోమాక్ నది ఒడ్డుకి వచ్చింది. వాషింగ్టన్ నగరం పుట్టింది అలాగ.

1791 వేసవిలో ఇద్దరూ కలిసి ఉత్తరాదికి ఒక నెల రోజులు టూరు వేశారు. లేక్ జార్జ్, లేక్ షాంప్లేన్, వెర్మాంట్. చెట్లు చూశారు, గోధుమకి పట్టిన హెస్సియన్ ఈగ గురించి రైతుల్ని అడిగారు. జెఫర్సన్ కూతుళ్లకి బిర్చ్ చెట్టు బెరడు మీద ఉత్తరాలు రాశాడు. పార్టీ కట్టడానికే వెళ్లారని ప్రత్యర్థులు గుసగుసలు పోయారు. కొంత నిజం ఉండొచ్చు.

ఆ టూరులో మాడిసన్ తన నోట్సులో రాసుకున్న ఒక మనిషి గురించి చెప్పాలి. పేరు ప్రిన్స్ టేలర్. నల్లజాతివాడు, స్వతంత్రుడు. లేక్ జార్జ్ దగ్గర 250 ఎకరాల పొలం. ఆరుగురు తెల్ల కూలీలు ఆయన కింద పనిచేస్తున్నారు. తెలివైనవాడు, చదవడం రాయడం లెక్కలు అన్నీ వచ్చు అని మాడిసన్ రాసుకున్నాడు. రాసుకుని తిరిగి మాంట్‌పీలియర్‌కి వచ్చాడు. అక్కడ వంద మందికి పైగా బానిసలు. జెఫర్సన్ జీవితం మొత్తంలో ఆరు వందల మందికి పైగా బానిసలుగా ఉన్నారు. న్యూయార్క్ భోజనం అన్నాను కదా, ఆ ఇంటి వంటవాడు జేమ్స్ హెమింగ్స్, జెఫర్సన్ బానిస, పారిస్‌లో వంట నేర్చుకున్నవాడు. ఆరు కారణాలు రాసి ఉత్తరం ఆపగలిగిన మాడిసన్, పందొమ్మిదేళ్ల లెక్కని విప్పి చూపించిన మాడిసన్, ఈ ఒక్క విషయంలో జెఫర్సన్‌ని ఆపలేదు. జెఫర్సన్ మాడిసన్‌ని ఆపలేదు. బానిసత్వం చెడ్డదని ఇద్దరూ రాశారు, ఇద్దరూ దాని మీదే బతికారు. ఇక్కడ మాత్రం కాదనే నోరు ఇద్దరికీ రాలేదు.

ఇక 1798. ఆడమ్స్ ప్రభుత్వం, ప్రభుత్వాన్ని విమర్శిస్తే జైలు అనే చట్టం తెచ్చింది. జెఫర్సన్ ఉపాధ్యక్షుడు. రహస్యంగా కెంటకీ శాసనసభకి ఒక తీర్మానం రాసిచ్చాడు. మాడిసన్ కూడా రహస్యంగానే వర్జీనియాకి ఒకటి రాశాడు. జెఫర్సన్ చిత్తులో రాష్ట్రం కేంద్ర చట్టాన్ని ‘రద్దు’ చేయొచ్చు అనే మాట ఉంది. కెంటకీవాళ్లే భయపడి ఆ మాట తీసేశారు. మాడిసన్ చిత్తు జాగ్రత్తగా నడుస్తుంది. 1799 ఆగస్టులో జెఫర్సన్ ఇంకో అడుగు వేశాడు. మన మాట వినకపోతే సమాఖ్య నుంచి విడిపోతామని కూడా ప్రకటిద్దాం అని మాడిసన్‌కి రాశాడు. మాడిసన్ దీనికి ఉత్తరం రాయలేదు. బండి కట్టుకుని, దాదాపు ముప్పై మైళ్లు ఆ మట్టిరోడ్ల మీద స్వయంగా మోంటిసెల్లో వెళ్లాడు. ఆ గదిలో ఏం మాట్లాడుకున్నారో ఎవరూ రాసిపెట్టలేదు. కానీ సెప్టెంబర్ 5న జెఫర్సన్ ఇంకొకరికి రాసిన ఉత్తరంలో ఆ విడిపోయే మాట లేదు. మాడిసన్ అభిప్రాయాన్ని గౌరవించి వదిలేశానని ఆయనే చెప్పాడు.

తర్వాత పదహారేళ్లు అధికారం వీళ్లదే. ఎనిమిదేళ్లు జెఫర్సన్ అధ్యక్షుడు, మాడిసన్ విదేశాంగ మంత్రి, ఆ తర్వాత ఎనిమిదేళ్లు మాడిసన్. ఫ్రాన్స్ నుంచి లూసియానా కొన్నారు, బ్రిటన్‌తో యుద్ధం చేశారు, 1814లో రాజధాని తగలబడింది. ఇవన్నీ ఒక్కోటి ఒక్కో వీడియో.

నేను నేరుగా 1826కి వస్తాను. వర్జీనియాలో ఉన్న మనవాళ్లు షార్లట్స్‌విల్ యూనివర్సిటీ చూసే ఉంటారు. అది ముసలి జెఫర్సన్ కట్టించింది, ఏడాది ముందే తెరిచారు. మాడిసన్ దాని బోర్డులో ఉన్నాడు. ఫిబ్రవరి 17న జెఫర్సన్ ఆయనకి రాసిన ఉత్తరం ఎక్కువ భాగం యూనివర్సిటీ పనులే, లా ప్రొఫెసర్ ఎవరిని పెట్టాలి, అలాంటివి. తర్వాత సొంత అప్పుల గురించి. లక్ష డాలర్లు దాటిన అప్పు. లాటరీ పెట్టి భూములు అమ్ముకోవాలని చూస్తున్నాడు, 82 ఏళ్ల వయసులో. చివరికొచ్చి, మన స్నేహానికి అర్ధ శతాబ్దం అయింది, జీవితమంతా నువ్వు నాకు ఆసరాగా నిలబడ్డావు అన్నాడు. ఆ వెంటనే, ‘నేను పోయాక నన్ను చూసుకో.’

జులై 4న జెఫర్సన్ పోయాడు. వీలునామాలో మాడిసన్‌కి ఒక చేతికర్ర రాశాడు, బంగారు తాపడం చేసినది. మరుసటి జనవరిలో అప్పు తీర్చడానికి మోంటిసెల్లోలో 130 మంది బానిసల్ని వేలానికి పెట్టారు. చేతికర్ర మాంట్‌పీలియర్‌కి చేరింది. ఆ మనుషులు ఎక్కడెక్కడికో చెదిరిపోయారు.

‘చూసుకో’ అన్నది ఊరికే అన్న మాట కాలేదు. యూనివర్సిటీ బాధ్యత మాడిసన్ నెత్తిన పడింది. అంతకంటే బరువైనది ఇంకోటి. 1830 దాటాక దక్షిణ కరోలినావాళ్లు కేంద్రం వేసిన పన్నుల్ని రద్దు చేస్తామని లేచారు. అడిగితే, జెఫర్సన్ 1798లో చెప్పిందేగా అన్నారు. మాడిసన్‌కి ఎనభై దాటాయి, కీళ్లవాతంతో వేళ్లు వంగిపోయాయి. అయినా ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాడు, జెఫర్సన్ ఉద్దేశం ఇది కాదు అని. ఇంతలో జెఫర్సన్ సొంత చేతిరాతలో పాత చిత్తు బయటపడింది. ‘రద్దు’ అనే మాట అందులో స్పష్టంగా ఉంది! మాడిసన్ ఇరుకున పడ్డాడు. అయినా వదల్లేదు. 1832లో జెఫర్సన్ మనవరాలి భర్త నికొలస్ ట్రిస్ట్‌కి రాస్తూ ఇలా అన్నాడు. మహా ప్రతిభ ఉన్నవాళ్లకి ఒక అలవాటు ఉంటుంది, ఆ క్షణంలో అనిపించినదాన్ని గట్టి మాటల్లో, గుండ్రంగా చెప్పేస్తారు, జెఫర్సన్ విషయంలోనూ ఆ మేరకి సర్దుకోవాలి. యాభై ఏళ్లు ఎదురుగా కూర్చుని చెప్పిన మాటనే, మనిషి లేనప్పుడు లోకానికి చెప్పాడు.

ఆ రోజుల్లోనే, తను జెఫర్సన్‌కి రాసిన పాత ఉత్తరాలు మాడిసన్ చేతికి తిరిగొచ్చాయి. వాటిలో 1783 ఆగస్టు ఉత్తరం కూడా ఉంది, కిట్టీ కాదన్న సంగతి రాసింది. ముసలాయన కలం తీసుకుని ఆ వాక్యాల్ని కనపడకుండా సిరాతో కొట్టేశాడు. దానికి జెఫర్సన్ రాసిన జవాబు మాత్రం ఇవాళ్టికీ చదవొచ్చు. జరిగినదానికి బాధపడుతున్నాను, ఇదే ఆఖరు మాటైనా లోకంలో సంతోషానికి దారులు ఇంకా చాలా ఉన్నాయి, చాలావరకు నీలోనే ఉన్నాయి, ఖాళీగా కూర్చోకు, పనిలో పడు అని ఉంటుంది అందులో.